అక్షరాలు రాని దొంగ

పోయిన వారం షెకినాను బీదర్ బస్టాండులో పార్సెల్ కిటికీ ముందు వదిలేసి వచ్చాం. ఒక చేతిలో తాళ్ళు కోసిన కత్తెర, ఇంకో చేతిలో తెరిచిన కొత్త పుస్తకం, వెనక ఎవరో జర జరుగమ్మా అంటున్నారు. పాపం, వారం రోజులుగా అట్లాగే నిలబడి ఉంది. మీరేమో హాయిగా తిన్నారు, పడుకున్నారు, ఆమె సంగతి ఒక్కరైనా అడిగారా? సరే, ఇక నడిపిద్దాం. ఇంకాస్త నిలబెడితే కాళ్ళు వాస్తాయి.

కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెబుతాను, పాతవాళ్ళు ఈలోపు చాయ్ తాగండి. షెకినాకు ముప్పై ఆరేళ్ళు. చిద్రి రోడ్డులో ఒక గది పుస్తకాల దుకాణం ఆమెది. తెలుగు, కన్నడం, ఉర్దూ ఒకే బల్ల మీద పడుకుంటాయి, ఇంతవరకు పోట్లాడుకోలేదు. సోమవారం హైదరాబాద్ బస్సులో కొత్త పుస్తకాల కట్టలు వస్తాయి. శనివారం పొద్దున దుకాణం ముందు నల్లబోర్డు మీద ‘ఈ వారం వచ్చినవి’ అని వరుసగా రాసి, ఒక్కోదాని పక్కన తన మాట ఒకటి రాస్తుంది. ఆ మాట మంచిదైతే పుస్తకం మంగళవారం లోపు అయిపోతుంది. కాకపోతే దాని మీద దుమ్ము దులపడం తప్ప వేరే పని ఉండదు. ఊళ్ళో రాసేవాళ్ళందరూ ఆ బోర్డుకు భయపడతారు. ఎదురుగా మాత్రం, ఆ సుద్దముక్క రాతలు ఎవరు చదువుతారు అంటారు.

ఈ సోమవారం కట్టలో ఒక పుస్తకం ఉంది. ‘నిప్పుకు పోయిన పిల్ల’, పదమూడు కథలు, రాసింది శాంతరాజు. కిటికీ దగ్గరే నిలబడి మొదటి వాక్యం చదివింది షెకినా. రెండో వాక్యం చదవకముందే అదేమిటో తెలిసిపోయింది. మూడోదీ తెలిసింది. పేజీ మూసి, కళ్ళు మూసుకుని, కథ చివరిదాకా ఒప్పజెప్పి, మళ్ళీ తెరిచి చూసుకుంది. ఒక్క మాట తేడా లేదు. అవి వాళ్ళమ్మ సుందరాబాయి కథలు.

సుందరాబాయి పోయి రెండేళ్ళయింది. ఆడపిల్లల హాస్టల్లో పంతొమ్మిదేళ్ళు వంట చేసింది. మధ్యాహ్నం అన్నం వార్చి, పప్పు దించి, పొయ్యి ఆరేలోపు నోట్‌బుక్కులో కథలు రాసేది. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, బజారులో ఉర్దూ, ఇదీ బీదర్ లెక్క. ఆమె చదివింది ఏడో తరగతి దాకా, అదీ కన్నడ బడిలో. అందుకని ఆమె నోట్‌బుక్కుల్లో మాట తెలుగు, అక్షరం కన్నడం. ఒకసారి హైదరాబాద్‌లోని తెలుగు పత్రికకు ఒక కథ పంపింది. మాకు కన్నడ అక్షరాలు రావు, తెలుగులో రాసి పంపండి అని తిరిగొచ్చింది. అదే కథ కన్నడ పత్రికకు పంపింది. చదివాం గానీ ఇది కన్నడం కాదమ్మా అని తిరిగొచ్చింది. మూడోసారి ఎక్కడికీ పంపలేదు. అచ్చులో తన పేరు చూడకుండానే పోయింది.

అందుకే పార్సెల్ కిటికీ దగ్గర షెకినాకు ఏడుపు రాలేదు. చేతిలో ఉన్న కత్తెరను గట్టిగా పట్టుకుంది.

మంగళవారం దుకాణం తెరవలేదు. ఇంట్లో నాన్న సాల్మన్ మంచం కింద ఒక రేకు పెట్టె ఉంది, దానికి తాళం లేదు. అందులో పాత క్యాలెండర్ కాగితాల్లో చుట్టిన నోట్‌బుక్కులు తొమ్మిది. ఆమె పుస్తకం ఒక పక్క, నోట్‌బుక్కులు ఒక పక్క పెట్టుకుని సాయంత్రం దాకా సరిచూసింది. పదమూడుకు పదమూడూ ఉన్నాయి. సాల్మన్ బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు, ఊళ్ళ పేర్లు అరిచి అరిచి గొంతు గంటలా ఉంటుంది. ఆ గొంతు ఇంట్లో మాత్రం వినబడదు. తండ్రీ కూతుళ్ళు అవసరమైతేనే మాట్లాడుకుంటారు. షెకినాకు తొమ్మిదేళ్ళప్పుడు ఆయన ఒక నోట్‌బుక్కును తెచ్చి స్నానాల నీళ్ళ పొయ్యిలో పడేశాడు. అమ్మ ఒక్క మాట అనలేదు. కూతురు మరవలేదు.

శాంతరాజు సారు ఎప్పుడైనా ఈ ఇంటికి వచ్చాడా అని అడిగింది. అమ్మ పోయినప్పుడు పలకరించనీకి వచ్చిండు, చాయ్ తాగిండు, పోయిండు, అన్నాడు సాల్మన్. చెబుతున్నంతసేపూ గోడ మీది క్యాలెండర్‌లో ఆదివారాలు చూస్తున్నాడు. ఇంకేముంది, ఈయన కునుకు తీసి ఉంటాడు, ఆయన పెట్టెలో చెయ్యి పెట్టి ఉంటాడు అని తేల్చుకుంది షెకినా. తండ్రి నిర్లక్ష్యాన్ని కూడా పాత చిట్టాలో ఇంకో వరుసగా రాసుకుంది.

శాంతరాజు సంగతి చెప్పాలి. జహీరాబాద్ దిక్కు మనిషి, ఇక్కడ ఒక ప్రైవేటు బడిలో తెలుగు పంతులుగా చేసి మానేశాడు. బీదర్‌లో ఇరవై రెండేళ్ళు ఉండి కన్నడ అక్షరం ముట్టుకోలేదు. తెలుగు, కన్నడ అక్షరాలు అక్కాచెల్లెళ్ళలాంటివి, కాస్త మనసు పెడితే వారంలో కూడబలుక్కోవచ్చు. ఆయన పెట్టలేదు. బస్సు ఎక్కేముందు ఇది ఎటు పోతుంది అని నలుగురిని అడిగి ఎక్కుతాడు. అట్లా అడిగి కూడా ఒకసారి మన్నాఏఖేళ్ళి అనే వేరే ఊళ్ళో దిగి, హుమ్నాబాద్ ఇంత మారిపోయిందేంటి అన్నాడట.

ఈ మాట ఎవరు చెప్పారంటే సంసోను మామ. సుందరాబాయి తమ్ముడు, దుకాణం పక్కనే జిరాక్సు మిషను పెట్టుకున్నాడు. ఊళ్ళో ఎవరినైనా ఆట పట్టించడం ఆయన అసలు పని, జిరాక్సు కొసరు. బుధవారం పొద్దున షెకినా చెప్పిందంతా విని, కాసేపు నేల చూసి, అక్క పేరు రెండుసార్లు అనుకుని, తర్వాత కళ్ళు తుడుచుకుని నవ్వాడు.

“అక్క రాసిన కాయిదాలు తిన్నడు గదా. నేను కూడ ఒక కాయిదం తినిపిస్త, అరుగుతదా లేదా చూద్దాం.”

ఒక మంచి కాగితం తీసి, చుట్టూ పూలతీగ గీసి, గొలుసుకట్టు కన్నడంలో రెండు వరుసలు రాశాడు. ‘ఈ కాగితం చదివినవాడు గాడిద. చదవనివాడు గాడిదకు తమ్ముడు.’ మడిచి, శాంతరాజు రోజూ పేపరు చూసే చాయ్ హోటలుకు పోయి, చర్చి యువకుల సభకు పిలుపు సార్, మీరే ముఖ్య అతిథి అని రెండు చేతులా అందించాడు. శాంతరాజు కళ్ళద్దాలు సర్దుకుని, కాగితం దూరంగా పట్టుకుని, పైనుంచి కిందిదాకా తీరిగ్గా చూశాడు.

“చాల చక్కగ రాసిండ్రు. తప్పకుండ వస్త,” అన్నాడు.

సంసోను మామ దుకాణం దాకా రాగలిగాడు గానీ లోపలికి రాలేకపోయాడు. గడప మీదే కూలబడి, కడుపు పట్టుకుని, నవ్వు ఆగేదాకా అటూ ఇటూ ఊగాడు. షెకినా కూడా నవ్వింది, ఆ వారంలో మొదటిసారి. నవ్వుతూ నవ్వుతూనే ఇద్దరికీ ఒకే ఆలోచన వచ్చింది. ఆదివారం మూడు గంటలకు చర్చి పక్క హాలులో శాంతరాజు పుస్తకావిష్కరణ. అందరి ముందూ అమ్మ నోట్‌బుక్కు ఆయన చేతిలో పెట్టాలి. మీరు రాసినవే గదా సార్, ఒక్క పేజీ చదవండి అనాలి. హాలులో కూర్చున్న ప్రతి ఒక్కరూ చదవగలిగిన పేజీ, కథలు తనవని చెప్పుకుంటున్న మనిషి ఒక్కడే చదవలేడు. అంతకన్నా రుజువేం కావాలి?

ఈ ఉపాయంలో ఒక బొక్క ఉంది. మీకు కనబడితే పక్కవాళ్ళకు చెప్పకండి. వాళ్ళిద్దరికీ మాత్రం కనబడలేదు.

గురువారం శాంతరాజే దుకాణానికి వచ్చాడు. సభలో పుస్తకాన్ని పరిచయం చెయ్యాలి, నీ నోటితో అయితే బాగుంటుందమ్మా అన్నాడు. షెకినా ఆయనకు కుర్చీ వేసింది, చాయ్ తెప్పించింది, పుస్తకం చాలా బాగుందని చెప్పింది. ఏ కథ నచ్చిందని అడిగితే అన్నీ అంది. శాంతరాజు మొహంలో సంతోషం రావాల్సిన చోట వేరే ఏదో వచ్చింది. చాయ్ సగం వదిలేసి లేచాడు. గడప దగ్గర ఆగి, మీ నాయిన బాగున్నడా అని అడిగాడు. నీకెందుకురా మా నాయిన సంగతి అని లోపల అనుకుని, బాగున్నడు సార్ అంది పైకి.

ఆ సాయంత్రం కోట దిక్కు ఉర్దూ కవుల బైఠక్. ప్రతి గురువారం పోయి వెనక కూర్చుని, మంచి షేర్ వచ్చినప్పుడు వాహ్వా అంటుంది షెకినా. ఈసారి కూడా పోయింది, కూర్చుంది. ఎవరేం చదివారో అడిగితే చెప్పలేకపోయేది. ఆదివారం మైకు ముందు ఏ మాట తర్వాత ఏ మాట అనాలో లోపల పేర్చుకుంటోంది. చివరి మాట మాత్రం ముందే నిశ్చయమైంది. దొంగ. ఆ ఒక్క మాటను రకరకాలుగా అని చూసుకుంది, మెల్లగా, గట్టిగా, నవ్వుతూ. నవ్వుతూ అంటేనే బాగుందనిపించింది. శుక్రవారం బెంగళూరు నుంచి కన్నడ నవలలు రెండు పెట్టెలు దిగాయి. ఎన్నాళ్ళుగానో ఎదురుచూసిన పుస్తకాలు. పెట్టెలు విప్పకుండా మూలకు తోసింది.

శనివారం బోర్డు మీద ఆరు పుస్తకాల పేర్లు రాసి, పక్కన తన మాటలు రాసింది. ఏడో వరుసలో, ‘నిప్పుకు పోయిన పిల్ల. అద్భుతం. ఎవరు రాశారో రేపు మూడు గంటలకు తెలుస్తుంది’ అని రాసింది. మధ్యాహ్నానికి ఆ బోర్డు ఫోటో బీదర్ ఫోన్లన్నీ తిరిగింది. పేరు పుస్తకం మీదే ఉంది కదా, ఇంకా తెలిసేదేముంది అని ఒకరు, ఏదో ఉంది కాబట్టే రాసింది అని ఒకరు. శాంతరాజు ఫోన్ చేశాడు. ఆమె ఎత్తలేదు.

ఆదివారం మూడు గంటలకు హాలులో నలభై కుర్చీలు వేస్తే అరవై మంది వచ్చారు. పక్క టెంటు హౌసు నుంచి ఇంకో ఇరవై తెచ్చి వేశారు. సాల్మన్ పెళ్ళినాటి నల్లకోటు తొడుక్కుని వచ్చి, గోడ పక్కన కూర్చున్నాడు. షెకినాకు ఆశ్చర్యమైంది. ఇన్నాళ్ళకైనా పెండ్లాం తరఫున నిలబడదామనుకున్నాడేమో అనుకుంది. సంసోను మామ ఫోన్ పట్టుకుని మొదటి వరుసలో కూర్చున్నాడు, శాంతరాజు మొహం బాగా పడే చోటు చూసుకుని. ఆయన పక్కన హళ్ళిఖేడ్ నుంచి వచ్చిన ఒక ముసలామె. పేరు శంకరమ్మ అని, కొడుకులు చెరకు వేస్తారని, తనకు చదువు రాదని, కథలంటే ఎంత దూరమైనా పోతానని, చెవులు సరిగ్గా వినిపించవు కాబట్టి ముందు కూర్చోబెట్టమని షెకినాను అడిగి కూర్చుంది.

ప్రార్థన అయింది. పాట అయింది. పెద్దమనిషి ఒకాయన మెరుపు కాగితం చింపి పుస్తకం పైకెత్తి చూపించాడు, చప్పట్లు కొట్టారు. శాంతరాజు గంజి పెట్టిన చొక్కాలో కర్రలా కూర్చున్నాడు. షెకినా మైకు అందుకుంది.

ఇంత మంచి కథలు ఇదివరకు వినలేదని చెప్తే అబద్ధమవుతుంది, పుట్టినప్పటి నుంచి వింటున్నాను, అని మొదలుపెట్టింది. కొందరు నవ్వారు. తర్వాత మొదటి కథ చదివింది. ఒక పిల్ల పొయ్యిలోకి నిప్పు అడగడానికి పక్కింటికి పోతుంది. పక్కింట్లో ముచ్చట్లలో పడుతుంది. అక్కడ నిప్పు లేదంటే ఇంకో ఇంటికి, అక్కడా లేదంటే ఇంకో ఊరికి పోతుంది. పోయిన చోటల్లా ఎవరిదో ఒక పని ఎదురవుతుంది, చేస్తుంది. పన్నెండేళ్ళకు చిప్పలో నిప్పుతో ఇంటికొస్తే, మొగుడు పొయ్యి ముందే కూర్చుని ఉంటాడు. తల ఎత్తకుండా, ఇంతసేపా అంటాడు. హాలంతా నవ్వింది. అందరికన్నా ముందు శంకరమ్మ నవ్వింది. కథ నడుస్తున్నంతసేపూ ఆమె పెదాలు కదులుతూనే ఉన్నాయి, షెకినా నోటికన్నా ఒక మాట ముందు. అమ్మ ఎంతమందికి చెప్పిందో ఈ కథ అని షెకినా గుండె బరువెక్కింది. ఆ బరువంతా తీసుకెళ్ళి శాంతరాజు మీద పెట్టాలనుకుంది.

సంచిలోంచి నోట్‌బుక్కు తీసింది. అట్ట మీది క్యాలెండర్ కాగితం ఒలిచింది. వేదిక మీద నాలుగు అడుగులు వేసి శాంతరాజు చేతిలో పెట్టింది. ఈ కథ ఇందులో కూడా ఉంది, సారు తన గొంతుతో చదివితే వినాలని ఉంది, అని మైకులో అంది.

శాంతరాజు పేజీ తిప్పాడు. ఇంకోటి తిప్పాడు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. ముందు వరుసలోంచి సంసోను మామ, మొన్న నా చీటీ బాగనే చదివిండ్రు గద సార్ అన్నాడు. తెలిసినవాళ్ళు నవ్వారు. తెలియనివాళ్ళు ఆ నవ్వు చూసి నవ్వారు. షెకినా తొందరపడలేదు. వారం రోజులు వండుకున్న అన్నం అది, ఒక్కో ముద్ద కలుపుకుని తింటోంది. ఆయన చెవుల వెనకనుంచి చెమట కారి గంజి కాలరులోకి ఇంకుతుంటే, ఎంతవరకు తడిసిందో కూడా చూసింది.

“నాకు ఈ అక్షరాలు రావు,” అన్నాడు శాంతరాజు.

షెకినా సభ వైపు తిరిగింది. ఈ చేతిరాత మా అమ్మ సుందరాబాయిది, హాస్టల్లో మీ అక్కాచెల్లెళ్ళకు అన్నం వండిన సుందరాబాయిది, అంది. పదమూడు కథలూ ఇట్లాంటి తొమ్మిది నోట్‌బుక్కుల్లో ఉన్నాయి. రాశానని చెప్పుకుంటున్న మనిషి తన కథ ఒక్క వరుస చదవలేడు. ఇప్పుడు చెప్పండి, ఈయనను ఏమనాలి?

ఆ మాట నాలుక చివరికి వచ్చింది. నవ్వు మొహం కూడా సిద్ధమైంది. సరిగ్గా అప్పుడు ముందు వరుసలోంచి శంకరమ్మ చెయ్యెత్తింది, బడిపిల్లలా.

“నాకొక్కటి సమజైత లేదు బిడ్డా. అక్షరాలు రానోడు ఎట్ల దొంగతనం చేసిండు? ఎవలో పక్కన కూసోని చదివి ఇనిపించి ఉండాలె గద.”

హాలులో నవ్వు ఆగింది. ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఇదీ ఆ బొక్క. మీరు బుధవారమే చూసి ఉంటారు, మీకు కోపం లేదు కాబట్టి. షెకినా మైకు దించింది. ఆయనకు చదవరాదని రుజువు చేయడానికి వారం రోజులు కష్టపడింది. చేసింది. ఇప్పుడు దాని అర్థం, తొమ్మిది నోట్‌బుక్కులూ చదివి వినిపించిన మనిషి ఇంకొకరున్నారు. కన్నడం వచ్చినవాళ్ళు. అమ్మ రాత ఎరిగినవాళ్ళు. ఆ పెట్టె ఎక్కడుందో తెలిసినవాళ్ళు.

ఆమె చూపు సంసోను మామ మీద పడింది. ఆయన ఫోను దించేశాడు. జీవితంలో మొదటిసారి ఆయన మొహంలో ఆటలేదు.

“నా దిక్కు చూడకు షెకినా. అక్క మీద ఒట్టు.”

షెకినా శాంతరాజు వైపు తిరిగి, ఎవరు చదివారో చెప్పమంది. మాట ఇచ్చిన, చెప్పను, అన్నాడాయన. మైకు పక్కన పెట్టి, ఆయనకు బాగా దగ్గరగా పోయి, మెల్లగా చెప్పింది.

“చెప్పకుంటే మీ పేరు మీద వచ్చే ప్రతి పుస్తకం కింద దొంగ అని రాస్త సార్. మీరు ఉన్నన్ని రోజులు రాస్త. పోయినంక కూడ రాస్త. మీ మనుమలు చదివేదాక రాస్త.”

శాంతరాజు నోట్‌బుక్కు మూసి ఒళ్ళో పెట్టుకున్నాడు. దాని మీద రెండు చేతులూ పెట్టాడు.

“రాయమ్మా,” అన్నాడు.

ఈ జవాబు ఆమె పేర్చుకున్న వరుసలో ఎక్కడా లేదు. బతిమాలతాడనుకుంది, బొంకుతాడనుకుంది, లేచిపోతాడనుకుంది. ఇట్లా మెడ వంచుతాడనుకోలేదు. వంచిన మెడ మీద కొట్టడం ఎట్లాగో ఆమెకు తోచలేదు.

“నేను చదివిన.”

మైకు అక్కర్లేని గొంతు. బస్సు వెనక సీటు దాకా వినబడే గొంతు. గోడ పక్కన సాల్మన్ లేచి నిలబడ్డాడు, కోటు గుండీలు ఒకటి తర్వాత ఒకటి పెట్టుకుంటూ.

మెల్లగా, ఊరు తర్వాత ఊరు చెప్పినట్టు చెప్పాడాయన. కూతురు దుకాణంలో ఉన్నప్పుడు, రోజూ నాలుగు గంటలకు శాంతరాజు వచ్చేవాడు. ఇద్దరూ చాయ్ తాగేవాళ్ళు. తను రెండు పేజీలు చదివేవాడు, ఆయన తెలుగు అక్షరాల్లో రాసుకునేవాడు. పదకొండు నెలలు పట్టింది. ఇంతకాలం కాపురం చేసి, ఆమె ఏం రాసిందో అప్పుడే మొదటిసారి చదివాడట. ఒక్కోరోజు చదవలేక ఆగిపోతే, రేపు వస్తానని శాంతరాజు లేచిపోయేవాడు. రాసినదాని పైన శాంతరాజు సుందరాబాయి పేరే పెట్టాడు. దాన్ని సాల్మన్ కొట్టేయించాడు. మూడుసార్లు పెట్టాడు, మూడుసార్లు కొట్టేయించాడు. పేరు లేకుండా అచ్చు వెయ్యరంటే, నీ పేరే వేసుకొమ్మని చెప్పాడు.

షెకినా వేదిక దిగింది. వారం రోజులుగా శాంతరాజు కోసం కాచి పెట్టిన కోపమంతా ఒక్కసారిగా ఇల్లు మారింది. ఆ ఇంట్లో దానికి పాత గది ఒకటి ఎప్పటినుంచో ఖాళీగా ఉంది.

“బతికున్నప్పుడు పొయ్యిల ఏసినవ్. సచ్చినంక పేరు కొట్టేసినవ్. ఆమె నీకేం చేసింది నాయినా?”

సాల్మన్ కూతురి మొహం చూశాడు, క్యాలెండర్ చూడలేదు.

“అవి మీ అమ్మ కథలు కావు బిడ్డా. మీ అమ్మ రాసుకున్నది. చెప్పింది ఇంకొకామె, హాస్టల్ల మీ అమ్మతోని పాటు వంట చేసినామె. ఆస్పత్రిల పడ్డప్పుడు మీ అమ్మ నా చెయ్యి పట్టుకోని చెప్పింది. అచ్చు ఎయ్యి, కాని నా పేరు మీద ఎయ్యకు, ఆ మనిషి పేరు తీసుకోనీకి నాకు మొహం లేదు అన్నది.”

అబద్ధం అందామనుకుంది షెకినా. కానీ ఎవరామె అని అడిగింది. ఆమె ఏనాడో పోయిందనుకున్నాడట సాల్మన్. ఎక్కడెక్కడో అడిగించాడట, అందరూ ఎరుకలేదన్నారట.

“ఐదు నిమిషాల కింది దాక గట్లనే అనుకున్న,” అన్నాడు. “ఆ గొంతు ఇన్నదాక.”

ఆయన చూపు ఎటు పోయిందో షెకినా చూపు అటు పోయింది. ముందు వరుసలో సంసోను మామ పక్క కుర్చీ ఖాళీగా ఉంది. శంకరమ్మ గుడ్డ సంచి చంకన పెట్టుకుని, కుర్చీల మధ్య దారిలో తలుపు వైపు నడుస్తోంది. తొందరేం లేదు, అద్దె ఇల్లు చూసి నచ్చక వెళ్ళిపోతున్నట్టు నడుస్తోంది. జనం కాళ్ళు ముడుచుకుని దారి ఇస్తున్నారు.

దొంగ అనే మాట షెకినా నోట్లో ఇంకా అట్లాగే ఉంది. వారం రోజులు నూరి పెట్టిన మాట. ఇప్పుడది సరిపోయే మనిషి ఈ హాలులో లేదు. చర్చి వెనక సమాధుల తోటలో, క్రిస్మస్‌కు షెకినా తన చేతులతో సున్నం వేసిన రాయి కింద పడుకుని ఉంది.

“నిలు పెద్దమ్మా,” అని గట్టిగా అంది.

శంకరమ్మ గడప దగ్గర ఆగింది. వెనక్కి తిరిగి షెకినాను కింది నుంచి పైదాకా చూసింది, నుదురు, ముక్కు, గడ్డం, ఏదో పోలిక వెతుకుతున్నట్టు. ఆమె కళ్ళల్లో కన్నీళ్ళు లేవు. అట్లాంటి కళ్ళు షెకినాకు బాగా తెలుసు. వారం రోజులుగా రోజూ పొద్దున అద్దంలో చూస్తోంది.

“సుందరి నా దగ్గరికెళ్ళి కథలొక్కటే తీస్కపోయింది అనుకుంటున్నవా బిడ్డా?”